ఉగాదికి వేపపువ్వు ఎటు పోయింది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉగాది వెళ్లిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ చాలావరకు ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి: చెట్లు వేళ తప్పుతున్నాయని. వేపపువ్వని ఒకరు, మామిడి పూతని ఒకరు, మిరపతోటని ఇంకొకరు. అందుకని ఈసారి చోటంతా వాటికే ఇచ్చాను. కుండీలో గులాబీకి పట్టిన తెగులు గురించి అడిగినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడం గారూ, మా పెరట్లో వేపచెట్టు మా అత్తగారి కాలం నాటిది. రెండేళ్ల కింద ఉగాదికి చూస్తే పువ్వంతా రాలిపోయి పిందెలు పడ్డాయి, పచ్చడిలోకి పక్కింటివాళ్లు ఎండబెట్టి దాచుకున్న పువ్వు అడిగి తెచ్చుకున్నాం. ఈ ఉగాదికేమో మొగ్గ కూడా సరిగ్గా విచ్చలేదు. నా చిన్నప్పుడు ఇలా ఎప్పుడూ లేదు. ఇది వాతావరణ మార్పేనా? నాకైతే నిజంగా టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు పాత క్యాలెండర్లు తీయండి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో మార్చి 30న. ఈ ఏడాది, అంటే 2026లో, మార్చి 19కే వచ్చేసింది. మీరు పోల్చి చూస్తున్న రెండు పండగల మధ్య 21 రోజుల తేడా ఉందన్నమాట. మూడు వారాలంటే వేపచెట్టుకి మొగ్గ నుంచి పిందె దాకా వెళ్లడానికి సరిపోయేంత సమయం. కాబట్టి మీ చెట్టు రెండేళ్లూ దాదాపు ఒకే రోజుల్లో పూసి ఉండొచ్చు, జరిగింది పండగే అయి ఉండొచ్చు. మన పండగలు చంద్రుణ్ణి బట్టి వస్తాయి, చాంద్రమాన సంవత్సరం 354 రోజులే, ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతూ వెళ్తుంది, అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ ముందుకి వస్తుంది. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి వచ్చే ఉగాది మళ్లీ ఏప్రిల్లోకి వెళ్తుంది. అప్పుడు మీరు "అరే, చెట్టు మళ్లీ ముందే పూసేసిందే" అనుకునే ప్రమాదం ఉంది.

చెట్టుకి తిథి తెలియదు. దానికి తెలిసేవి ఎండ, చలి, వేళ్ల దగ్గర తడి, పగటి పొడవు. పగటి పొడవు మాట వినగానే మన గుంటూరువాళ్లకి ఒక సంగతి చెప్పాలనిపిస్తుంది. పగలు ఎంతసేపుందో కొలుచుకుని పూసే మొక్కలు ఉంటాయని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు తేల్చి చెప్పింది ముఖ్యంగా పొగాకు మొక్క మీదే, వేసవంతా పూయకుండా ఏపుగా పెరిగిపోయే ఒక పొగాకు రకాన్ని రోజూ కొన్ని గంటలు చీకట్లో పెట్టి పూయించారు. మన దగ్గర అతి పొడుగు పగటికీ అతి పొట్టి పగటికీ తేడా సుమారు 2 గంటలే, ఆ కాస్త తేడాని కూడా కనిపెట్టే మొక్కలున్నాయి. పగటి పొడవు భూమి వేడెక్కినా మారదు. మారేది వేడి, వాన. రెండు గడియారాలు చూసుకుని నడిచే మొక్కకి ఒకటి సరిగ్గా నడిచి రెండోది తప్పితే వచ్చే తికమకే ఈ మొత్తం గొడవకి మూలం.

మన పెద్దవాళ్లు పంటపనులకి తిథులు కాకుండా కార్తెలు పట్టుకున్నారు గమనించారా? కార్తె సూర్యుణ్ణి బట్టి వస్తుంది, రోహిణి కార్తె ఎప్పుడూ మే నెలాఖరులోనే, మృగశిర ఎప్పుడూ జూన్ మొదటి వారం దాటాకే. (అది కూడా నక్షత్రాల లెక్క కాబట్టి సుమారు 72 ఏళ్లకి ఒక రోజు జరుగుతుంది, మన జీవితకాలానికి అది లెక్కలోది కాదు.) అందుకని మీరు ఉగాదితో కాకుండా తేదీతో గానీ కార్తెతో గానీ పోల్చండి. మొదటి పువ్వు కనబడిన రోజు, సగం చెట్టు తెల్లబడిన రోజు, కింద పువ్వు పరుచుకున్న రోజు, ఈ మూడూ క్యాలెండర్ మీదే గుర్తు పెట్టండి. 2021 చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుకొచ్చాయి కదా, అది శిలీంధ్రం తెచ్చిన తెగులు. మీ చెట్టుకి కూడా అది తగిలి ఉంటే ఆ తర్వాతి ఏడాది పూతని ఈ లెక్కలో కలపకండి.

అలాగని మీ భయం ఉత్తదే అని నేననడం లేదు. బ్రిటన్‌లో 406 రకాల మొక్కల పూత తేదీలు, 1753 నుంచి జనం రాసిపెట్టినవి, లక్షల కొద్దీ ఒకచోట చేర్చి చూస్తే, 1986కి ముందున్న సగటు కంటే ఆ తర్వాతి సగటు దాదాపు ఒక నెల ముందుకి వచ్చింది. ఒక నెల! మన దేశపు సగటు ఉష్ణోగ్రత కూడా 1901 నుంచి 2018 లోపు సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. మార్పు నిజమే. మీ చెట్టులో అది ఎంత అన్నది రెండు పండగలతో తేలదు, పది తేదీలతో తేలుతుంది.

ప్రశ్న: మేడం, నూజివీడు దగ్గర మాకు ఆరెకరాల మామిడి తోట ఉంది. బంగినపల్లి, చిన్నరసాలు, కొంచెం కలెక్టరు కాయ. ఒకే చెట్టుకి ఒక పక్క గోలీకాయంత పిందె, ఇంకో పక్క అప్పుడే వచ్చిన పూత, ఇంకో పక్క ఎర్ర చిగురు. మందు ఎప్పుడు కొట్టాలో అర్థం కావడం లేదు. మా నాన్న కాలంలో సంక్రాంతి వెళ్లేసరికి తోటంతా ఒక్కసారే పూసేది. ఇప్పుడు కాయ నున్న మార్కెట్‌కి మూడు విడతలు తోలాల్సి వస్తోంది, కూలి ఖర్చే సరిపోతోంది.
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు రాసింది తోటలో ప్రతి కొమ్మా విడివిడిగా నిర్ణయం తీసుకుంటున్నట్టుంది, నిజంగా జరిగేదీ అదే. మామిడిలో పూత చెట్టంతా కలిసి వేసుకునే ముహూర్తం కాదు. ఒక్కో కొమ్మ చివర మొగ్గ చిగురవ్వాలా పూతవ్వాలా అని తేల్చుకుంటుంది. ఆ కొమ్మ నాలుగైదు నెలల వయసుకి ముదిరి, కొంతకాలం ఎదుగుదల ఆపి, దాని మీద రాత్రి చలి పడితే పూత. లేతగా ఉండగానే తడీ వెచ్చదనం తగిలితే చిగురు. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు సుమారు 20 డిగ్రీలకి అటూ ఇటూ దిగడం, నేల ఆరి ఉండడం, ఈ రెండూ కలిసి వచ్చేవి కాబట్టి కొమ్మలన్నీ ఒకే మాట మీద ఉండేవి, తోట ఒక్కసారి పూసేది.

ఇప్పుడా రెండు సంకేతాలూ మెత్తబడుతున్నాయి. 1950 తర్వాత ప్రపంచం మొత్తం మీద పగళ్ల కంటే రాత్రులు ఎక్కువ వేడెక్కాయి, అంటే మామిడికి కావలసిన సంకేతమే ముందుగా దెబ్బతింటోంది. రెండోది వాన. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా? పూత కోసం నేల ఆరి ఉండాల్సిన సమయంలో తోటలు నిండా తడిస్తే ఆ తడికి కొన్ని కొమ్మలు చిగురేస్తాయి. ఆ చిగురు ముదిరి పూతకి వచ్చేసరికి చలి వెళ్లిపోతుంది. ఒక్క తుపానుని పట్టుకుని ఇదంతా వాతావరణ మార్పు అనకూడదు గానీ, సముద్రం వేడెక్కే కొద్దీ గాలిలో తేమ పెరిగి తుపాను వానలు బరువెక్కుతాయి, ఇందులో అనుమానం లేదు.

ఇంకో సంగతి, బంగినపల్లికి ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది వెనక్కి తగ్గే అలవాటు మొదటి నుంచీ ఉంది. మీ నాన్నగారి కాలంలోనూ ఉంది. అందుకని "పూత తగ్గింది" అన్నదాన్నీ "పూత విడిపోయింది" అన్నదాన్నీ విడివిడిగా చూడండి. తగ్గడానికి పోయిన ఏడాది కాపు కారణం కావచ్చు. విడతలుగా రావడానికి మాత్రం చలి, తడి లెక్కే ఎక్కువ.

పూత మూడు విడతలైతే, పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకి మూడు పండగలు. దానికి తిండి ఆగదు. ఇక్కడే రైతులు తొందరపడి పూలు విచ్చి ఉన్నప్పుడే మందు కొట్టేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. మామిడిలో పుప్పొడి మోసి పువ్వులని ఎక్కువగా కలిపేది తేనెటీగల కంటే ఈగలూ చిన్న చిన్న పురుగులూ, అవి పోతే పూత ఎంత ఉన్నా పిందె నిలవదు. మొగ్గ దశలో ఒకసారి, పిందె నిలిచాక ఒకసారి, మధ్యలో ఖాళీ వదలండి. కోత అవగానే కొమ్మ కత్తిరింపు ఆలస్యం చేయకుండా జులై లోపు ముగిస్తే తర్వాతి చిగురు అంతా ఒకే వయసులో ఉంటుంది, చలి వచ్చేసరికి కొమ్మలన్నీ ముదిరి ఉంటాయి. పూత రప్పించే పాక్లోబ్యుట్రజాల్ గురించి మీరు అడగలేదు గానీ అడుగుతారని తెలుసు: అది మట్టిలో చాలాకాలం ఉండిపోతుంది, ఏటా పోస్తూ పోతే చెట్టు గిడసబారుతుంది, నిపుణుల సలహా లేకుండా మోతాదు పెంచకండి.

మీ తోటలో ఒక మంచి విషయం ఉంది, మూడు రకాలున్నాయి. అవన్నీ పీకేసి ఒక్క బంగినపల్లే వేద్దామన్న ఆలోచన ఉంటే ఆపండి. రకానికో వేళ ఉంటుంది, ఒకదానికి ఎదురు తిరిగిన వాన ఇంకోదానికి తగలకపోవచ్చు.

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ బోటనీ సెకండియర్. క్లాసులో ఒక డిబేట్ జరిగింది. వేడికి మొక్కలు ముందే పూస్తున్నాయి కాబట్టి అవి పరిణామం చెందుతున్నాయని నేనన్నాను. కాదని మా ఫ్రెండ్ అంది. ఎవరు కరెక్ట్?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఇద్దరూ సగం సగం, తల్లీ. ఒకే చెట్టు చలి ఏడాది ఆలస్యంగా, వేడి ఏడాది తొందరగా పూస్తే అది పరిణామం కాదు. నువ్వు ఎండాకాలం చెమట పోయడం లాంటిది, నీ జన్యువుల్లో ఏమీ మారలేదు. బయట కనిపిస్తున్న మార్పుల్లో పెద్ద భాగం ఇదే, ఉన్న గుణంతోనే సర్దుకోవడం. పరిణామం అనాలంటే తరం మారాలి, ఆ తరంలో కొన్ని జన్యువుల వాటా పెరగాలి, కొన్నింటిది తగ్గాలి. నూరేళ్లు బతికే చింతచెట్టుకి అది చాలా నెమ్మది. ఏడాదికోసారి మొలిచి చచ్చే కలుపు మొక్కకి చాలా వేగం.

ఈ రెండింటినీ ఎలా విడదీస్తారో చూడు, నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. దక్షిణ కాలిఫోర్నియాలో పొలాల గట్ల మీద పెరిగే ఒక రకం ఆవ మొక్క గింజల్ని 1997లో సేకరించి దాచారు. 2000 నుంచి 2004 దాకా అక్కడ కరువు. 2004లో అవే చోట్ల మళ్లీ గింజలు సేకరించారు. అప్పుడు పాత గింజల్నీ కొత్త గింజల్నీ పక్కపక్కనే, ఒకే మట్టి, ఒకే నీరు, ఒకే వెలుతురులో పెంచారు. పరిసరాలు ఒకటే కాబట్టి ఇక తేడా కనబడితే అది గింజలోనే ఉన్నట్టు. కరువు తర్వాతి గింజల మొక్కలు ముందే పూశాయి, ఒక చోటి మొక్కలు సుమారు 2 రోజులు, ఇంకో చోటివి 8 రోజులకు పైగా. ఏడేళ్లలోనే! తడి ఆరిపోయే లోపు పూసి గింజ కట్టినవి మిగిలాయి, తాపీగా పూసేవి గింజ పెట్టకుండానే పోయాయి. ఫ్రాంక్స్, సిమ్, వైస్ 2007లో దీన్ని ప్రచురించారు. ఇది పరిణామమే, కాబట్టి నీ మాట ఇక్కడ నిలుస్తుంది.

అయితే దీన్ని విజయగాథలా చెప్పుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఆలస్యంగా పూసే మొక్కలు పోయినప్పుడు ఆ ఆలస్యం ఒక్కటే పోలేదు, వాటితో పాటు వాటిలో ఉన్న మిగతా గుణాలన్నీ పోయాయి. మరుసటి ఏడాది వానలు బాగా పడితే నిదానంగా పెరిగి ఎక్కువ గింజ పెట్టగలిగేవి అవే కదా. పరిణామం జరగాలంటే ముందు గుంపులో తేడాలుండాలి. జరిగే కొద్దీ ఆ తేడాలు తరుగుతాయి. పారిస్ చుట్టుపక్కల పొలాల్లో పెరిగే ఒక చిన్న అడవి పువ్వు మీద ఇలాగే పాత గింజలు మొలిపించి చూశారు, 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇరవై, ముప్పై ఏళ్ల కిందటి వాటి కంటే ఇప్పటి పూలు 10 శాతం చిన్నవి, తేనె 20 శాతం తక్కువ. ఎందుకంటే వాటి మీద వాలే తేనెటీగలే తగ్గిపోయాయి, దానితో మొక్క తన పుప్పొడితో తనే గింజ కట్టుకునే దారి పట్టింది. ఆ దారిలో కొత్త కలయికలు తగ్గుతాయి, తేనె తగ్గింది కాబట్టి ఉన్న తేనెటీగలకీ తిండి తగ్గుతుంది. ఎవరికి వాళ్లు సర్దుకుంటూనే ఇద్దరూ నష్టపోతున్నారు చూడు.

జపాన్ హొక్కైడోలో ఇంకో రకం కథ. మంచు కరగగానే పూసే ఒక అడవి మొక్క ఉంది, దాన్ని కలిపేది నేలలో నిద్రపోయే బంబుల్ తేనెటీగ. మంచు ముందే కరిగిన ఏళ్లలో పువ్వు ముందే వచ్చేస్తుంది, తేనెటీగ మాత్రం నేల వెచ్చబడ్డాకే లేస్తుంది. అవి బయటికి వచ్చేసరికి పూలు వాడిపోతాయి, గింజ తగ్గుతుంది. రెండింటికీ వేడే గడియారం, కాకపోతే ఒకటి మంచుని చూస్తుంది, ఇంకోటి మట్టిని. మీ డిబేట్ ఇంకోసారి జరిగితే ఈ రెండు ఉదాహరణలూ చెప్పు, మీ ఫ్రెండ్ కూడా ఒప్పుకుంటుంది.

ప్రశ్న: మా వీధిలో స్తంభం పక్కన ఉన్న కానుగ చెట్టు లైటు వైపు కొమ్మలు ఆకు రాల్చవు, అవతలి వైపు రాలుస్తాయి. ఇదీ వాతావరణ మార్పేనా? – పటమట, విజయవాడ

జవాబు: కాదండీ, అది వీధిలైటు చేసిన పని. రాత్రంతా వెలుతురు పడితే ఆ కొమ్మలకి పగలు పూర్తి కానట్టే లెక్క. బ్రిటన్‌లో రాత్రిపూట వెలుతురు ఎక్కువుండే చోట్ల చెట్ల మొగ్గలు సుమారు వారం ముందే విచ్చుతున్నాయని 2016లో చూపించారు. ఊళ్లో చెట్టుకి దీపం, చుట్టూ సిమెంటు, పక్కింటి ఏసీ వేడి, లీకయ్యే పైపు, అన్నీ ఉంటాయి. తేదీలు రాసేవాళ్లు ఇవి కూడా పక్కన రాసుకోండి.

ప్రశ్న: మేడం గారూ, మాది ప్రత్తిపాడు వైపు, మూడెకరాలు కౌలుకి మిరప వేస్తాను. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటంతా పూతలోనే పోయింది. వడ్డీలు ఇప్పటికీ కడుతున్నా. ఆ పురుగు ఎండలు మారడం వల్లే వచ్చిందని కొందరు, విత్తనం వల్లని కొందరు. మా తాత వేసిన నాటు మిరప అయితే తట్టుకునేదా? – ఒక కౌలురైతు, గుంటూరు జిల్లా

జవాబు: అన్నా, ఆ ఏడాది నేనూ కొన్ని తోటలు చూశాను. పువ్వు విప్పి చూస్తే లోపల నల్లగా పాకుతూ, పట్టుకుంటే పువ్వు చేతిలోకే రాలిపోయేది. ఆ చేలల్లో నిలబడి ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాను.

ఆ పురుగు మన దేశానికి కొత్తది. మన దగ్గర దాన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు, 2021కి మిరప మీద విరుచుకుపడింది. కాబట్టి దాన్ని ఎండలు పుట్టించలేదు, బయటి నుంచి వచ్చింది. అయితే ఏ పురుగైనా ఎంత వేగంగా తరాలు పెంచుకుంటుందన్నది వేడిని బట్టి ఉంటుంది, చలి తగ్గితే దానికి విరామం ఉండదు. తెచ్చింది ఒకటి, పెంచేది ఇంకొకటి.

మీ తాతగారి నాటు మిరప తట్టుకునేదని మీకు ఆశపెట్టలేను. మనం ఒక సంగతి మర్చిపోతుంటాం, మిరప మనది కాదు. మెక్సికో ప్రాంతంలో మనిషి చేతికి వచ్చిన పంట, పోర్చుగీసువాళ్లతో మన తీరానికి వచ్చింది 16వ శతాబ్దంలో. అంటే మన సన్నాలైనా తేజ అయినా అక్కడున్న రకరకాల్లోంచి ఓడెక్కిన కొన్ని గింజల వారసులే. దాని మీద మనం ఇంకా ఏరుకుంటూ వచ్చాం, మిర్చి యార్డులో రంగూ ఘాటూ ధర పలికే నాలుగైదు రకాలే ఊళ్లకి ఊళ్లు నిండిపోయాయి. ఒకే వేళకి పూసే ఒకే రకం ముప్పై ఊళ్లలో ఉంటే పురుగుకి అంతకంటే ఏం కావాలి?

అందుకే పాత రకాల గింజ ఒక డబ్బాలో దాచుకోమంటాను. అది నేరుగా పంట ఇవ్వకపోయినా, అందులో ఉన్న ఒక్క గుణం రేపు కావలసి రావచ్చు. వరిలో జరిగింది చెబుతాను. వరి పువ్వు విచ్చే గంటలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయక తాలు గింజలు వస్తాయి. ఒక అడవి వరి ఉంది, దాని గింజకి మార్కెట్లో విలువే లేదు, కానీ అది పొద్దున్నే చల్లగా ఉండగానే పువ్వు విచ్చుతుంది. దాన్లోంచి ఆ ఒక్క గుణాన్ని సాగు వరిలోకి తెచ్చారు, ఎండ ముదరకముందే పూసే వరి తయారైంది. ఆ అడవి వరి పెరిగే కుంటని ఎవరైనా ముందే పూడ్చేసి ఉంటే ఆ గుణం ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు చెప్పండి. మిరపకి కూడా అలాంటి గింజలు తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రంలో వేల రకాలున్నాయి, ఢిల్లీలో మన జాతీయ జన్యు బ్యాంకు ఉంది. మీకు దగ్గర్లో లాం ఫారం, అంటే వ్యవసాయ పరిశోధనా కేంద్రం, ఉంది. వచ్చే సీజన్‌కి ముందు వెళ్లి, ఒకే రకం కాకుండా రెండు మూడు రకాలు, పది పదిహేను రోజుల తేడాతో నాట్లు వేయడం మీ నేలకి కుదురుతుందా అని అడగండి. కౌలు మీద అప్పు తెచ్చి వేసేవాళ్లకి ప్రయోగాలు చేయమని చెప్పడం తేలిక కాదని నాకు తెలుసు. అర ఎకరంతో మొదలుపెట్టండి.

ప్రశ్న: వేడికి మొక్కలు కొండలు ఎక్కుతాయని చదివాను. మరి మన కొండపల్లి కొండల మీద చెట్లు ఎక్కడికి ఎక్కుతాయి? – గొల్లపూడి

జవాబు: ఎంత మంచి ప్రశ్న అడిగారండీ! హిమాచల్‌లో ఆపిల్ తోటలు నిజంగానే పైకి వెళ్లాయి, చలి చాలక కింది లోయల్లో తగ్గి, ఒకప్పుడు ఆపిల్ ఊహించని లాహౌల్ వైపు పెరిగాయి. యూరప్‌లో 302 శిఖరాల మీద మొక్కల్ని పాత లెక్కలతో పోల్చితే శిఖరాల మీదికి కొత్త జాతులు చేరే వేగం పెరుగుతోందని తేలింది. ఎత్తు సుమారు 150 మీటర్లు పెరిగితే ఒక డిగ్రీ చల్లన. మన కొండపల్లి కొండలు కొన్ని వందల మీటర్లే. కాస్త వేడికే శిఖరం వచ్చేస్తుంది, ఆ పైన ఆకాశమే. పక్క కొండకి వెళ్దామంటే మధ్యలో రోడ్లు, ఇళ్లు, క్వారీలు.

అక్కడి తెల్ల పొణికి చెట్టు సంగతి తీసుకోండి, మన బొమ్మలన్నీ దాని తేలికైన కర్రతోనే. దానికి వేడి కంటే ముందు గొడ్డలి వచ్చింది. నరికినంత వేగంగా తిరిగి రాదు, ముదురు చెట్లు తగ్గితే గింజ తగ్గుతుంది, గింజ తగ్గితే ఇందాక ఆవ మొక్కల్లో చెప్పిన ఆ తేడాలే ఉండవు, అప్పుడు వేడి పెరిగితే సర్దుకునే దారి మూసుకుపోతుంది. పొణికి మొక్కలు పెంచి నాటేటప్పుడు ఒకే చెట్టు గింజలు కాకుండా కొండ నలుమూలల నుంచి తెచ్చిన గింజలు వాడాలి. ఆ పని చేసే చేతులున్నవాళ్లు బొమ్మల కాలనీలోనే ఉన్నారు, వాళ్లని అడిగే నాటాలి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. 1991లో ఒక పల్లెటూరి హైస్కూల్లో చేరినప్పటి నుంచి ఆవరణలోని రేలచెట్టు మొదటి గుత్తి విచ్చిన రోజు డైరీలో రాసేవాణ్ణి, అదొక సరదా. మధ్యలో కొన్నేళ్లు లేవు. పద్నాలుగు డైరీలున్నాయి. ఇల్లు మారుతున్నాం, మా అబ్బాయి పాత పేపర్ల వాడికి వేసేయమంటున్నాడు. వీటివల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా? – బృందావన్ గార్డెన్స్, గుంటూరు

జవాబు: మాస్టారూ, దయచేసి వేయకండి! మీ ఉత్తరం చదివి నేను లేచి నిలబడ్డాను.

జపాన్‌లో క్యోటో నగరపు చెర్రీ పూత తేదీలు 9వ శతాబ్దం నుంచి ఉన్నాయి. ఎవరు రాశారనుకున్నారు? రాజోద్యోగులు, సన్యాసులు, తమ డైరీల్లో, "ఇవాళ పూలు చూసే విందుకి వెళ్లాం" అని. వాటిని ఏరి ఏరి యసుయుకి అవోనో అనే శాస్త్రవేత్త ఒక వరసలో పెట్టారు. 2021 మార్చి 26న అక్కడ చెర్రీలు నిండుగా పూశాయి, 1200 ఏళ్ల లెక్కలో అప్పటిదాకా అంత ముందుగా ఎప్పుడూ లేదు. నగరం పెరిగిన వేడి కూడా అందులో కలిసి ఉంది, అయినా ఆ డైరీలు లేకపోతే ఆ మాట అనగలిగేవాళ్లే కాదు. అమెరికాలో కాంకర్డ్ ఊరి చుట్టూ 1850లలో హెన్రీ డేవిడ్ థోరో రాసుకున్న పూత తేదీలు పట్టుకుని రిచర్డ్ ప్రైమాక్ బృందం మళ్లీ అదే అడవులు తిరిగింది. పూలు సగటున వారం ముందు వస్తున్నాయి. థోరో చూసిన మొక్కల్లో నాలుగో వంతుకు పైగా ఇప్పుడక్కడ లేవు, అందులోనూ వేడికి తగ్గట్టు పూత వేళ మార్చుకోలేని జాతులే ఎక్కువ నష్టపోయాయి. వేళకీ వైవిధ్యానికీ ముడి ఎక్కడుందో అడిగేవాళ్లకి నేనెప్పుడూ ఆ ఊరే చూపిస్తాను.

మన దేశంలో ఇలాంటి పాత తేదీలు చాలా తక్కువ. 2010లో మొదలైన సీజన్‌వాచ్‌లో పిల్లలూ పెద్దలూ వేప, మామిడి, చింత, రేల లాంటి చెట్లని వారం వారం చూసి నమోదు చేస్తున్నారు, మీరు కూడా చేరొచ్చు, కానీ అది 2010 నుంచి. మీవి 1991 నుంచి.

ఇలా చేయండి. ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తీయండి, తేదీ కనబడేలా. తర్వాత ఒక కొత్త నోట్‌బుక్‌లో సంవత్సరం, తేదీ, మీరు రాసిన మాట ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. లేని ఏళ్లని జ్ఞాపకం మీద నింపకండి, ఖాళీగా వదిలేయండి. ఖాళీ కూడా నిజమే. "మొదటి గుత్తి" అంటే ఒక్క పువ్వా, గుత్తంతానా, మీ అర్థం మొదటి పేజీలో రాయండి. కొమ్మలు ఎప్పుడైనా కొట్టేశారా, పక్కన బోరు వేశారా, నేల సిమెంటు చేశారా, గుర్తున్నంత వరకు విడిగా ఒక పేజీ. స్కూల్లో ఇప్పుడున్న సైన్స్ టీచరుకి ఒక కాపీ ఇవ్వండి, నాకొకటి పంపండి.

అన్నిటికంటే ముందు 2003, 2015 పేజీలు ఉన్నాయేమో చూడండి, ఆ రెండేళ్లూ మే నెలలో మన రాష్ట్రంలో ఎండలకి జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ వేసవుల్లో రేల ఏ తేదీకి పూసిందో తెలుసుకోవాలని నాకు ఆత్రంగా ఉంది. ఇంకొకటి, మీరు ఉత్తరంలో రాయలేదు. ఆ చెట్టు ఇంకా ఉందా మాస్టారూ?